సర్దుకోని రెండు లైన్లు

ఆసుపత్రిలో ఏడో బెడ్ మీది శవానికి దుప్పటి కప్పేశారు.

రక్తంలో పొటాషియం ప్రమాదస్థాయి దాటిందని ల్యాబ్ మెషీన్ సాయంత్రం 4.20కే పట్టుకుంది. ఆ కబురు వార్డు స్క్రీన్‌కి చేరవేయాల్సిన మిడిల్‌వేర్ ప్రోగ్రాం మాత్రం నోరు మెదపలేదు. అలారం మోగలేదు.

ఎవరో ఆ ప్రోగ్రాంలో రెండు లైన్లు చేర్చి అలారం ఆపేశారు. ఎవరు లోపలికొచ్చి ఏం మార్చారో రాసిపెట్టే సర్వర్ లాగ్‌లో ఉన్నది ఆ ప్రోగ్రాం రాసిన అమ్మాయి పేరు.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ ఆమె పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు వెళ్లాడు. రెండు బల్లలు, ఒక కిటికీ. యజమాని ఆ అమ్మాయికి స్వయానా అక్క భర్త. ఆమె ముందున్న టీ మీద మీగడ కట్టింది.

"చిన్నపిల్లండీ. ఏదో పొరపాటున చేసుంటుంది. కాస్త దయచూడండి," అన్నాడు యజమాని.

"నేను చెయ్యలేదు బావా!"

"లాగ్‌లో నీ పేరే ఉంది కదమ్మా. ఒప్పేసుకుంటే శిక్ష తగ్గుతుంది. మంచి లాయర్ని పెడతాను."

ఇన్‌స్పెక్టర్ ఆమెవైపు తిరిగాడు.

"మీ పాస్‌వర్డ్ ఇంకెవరికి తెలుసు?"

ఆమె బావ మొహంలోకి చూసింది. తల దించుకుంది.

"ఎవరికీ తెలీదండీ."

"సర్వర్‌లోకి వెళ్లే అనుమతి?"

"నాకూ, బావకీ."

"నేను కోడ్ ముట్టుకుని ఏళ్లయిందండీ," అన్నాడు యజమాని.

"ఆ ఫైల్ తెరవండి."

స్క్రీన్ నిండా రంగురంగుల అక్షరాలు.

"ఈ రంగులేమిటమ్మా?"

"నేను రాసిన ప్లగిన్ అండీ, ఎడిటర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాం. మిడిల్‌వేర్ రాసే భాష మేం కోడ్ టైప్ చేసే ఈ ఎడిటర్‌కి రాదు. ప్లగిన్ నేర్పుతుంది. మాటలకు రంగులేస్తుంది, తప్పు రాస్తే ఎర్రగీత గీస్తుంది."

"బొమ్మల పుస్తకంలా ఉందని అప్పుడే అన్నా. వింటేగా! నేనైతే దాని జోలికే పోలేదు," అన్నాడు యజమాని.

ఇన్‌స్పెక్టర్ స్క్రీన్ మీద వేలు పెట్టాడు.

"ఈ రెండు లైన్లూ పక్కకి జరిగాయేం?"

ఆమె గబుక్కున లేచింది.

"అలా ఉండకూడదే! సేవ్ చేయగానే ప్లగిన్ అన్నిటినీ వరుసలో పెట్టేస్తుంది."

"కాపీ తీసి సేవ్ చేయండి."

చేసింది. రెండు లైన్లూ చటుక్కున వరుసలోకి వచ్చాయి.

"అంటే ఇవి ఈ ఎడిటర్‌లో సేవ్ కాలేదు. నేరుగా సర్వర్‌లో టైప్ చేశారు."

"తనే అలా చేసి ఉండొచ్చుగా?" యజమాని గొంతు పెరిగింది.

"దొంగ లైన్లు దాచాలనుకుంటే వరుస చెదరనిస్తుందా? చెదిరితే కంట్లో పడతాయని ఆమెకు తెలుసు. ఈ ప్లగిన్ జోలికి పోనివాళ్లకే తెలీదు. మీ ల్యాప్‌టాప్ ఇటివ్వండి. సర్వర్‌లోకి ఎప్పుడెళ్లారో అందులో ఉంటుంది."

యజమాని బ్యాగ్‌లోంచి ల్యాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టాడు.

"అలారం అస్తమానం మోగుతోందని వార్డువాళ్లు గోల పెట్టారు. కాంట్రాక్ట్ రద్దు చేస్తామన్నారు. నాలుగు రోజులు ఆపి, తర్వాత సరిచేద్దామనుకున్నా. ప్రాణం పోతుందనుకోలేదు."

"మరి ఆమె పేరుతో ఎందుకు వెళ్లారు?"



గుమ్మం దగ్గరున్న కానిస్టేబుల్ యజమానిని బయటికి తీసుకెళ్లాడు.

"పాస్‌వర్డ్ ఆయనకి తెలుసని ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"అక్క గుర్తొచ్చిందండీ."

"సరే. ఇక మీరు ఇంటికి వెళ్లొచ్చు."

ఆమె కంప్యూటర్ ఆపింది. బ్యాగ్ భుజాన వేసుకుంది. గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది.

"ఏ ఇంటికండీ? నేనుండేది వాళ్లింట్లోనే."