స్వెటర్ మామ ఖాతా

ఆదివారం మధ్యాహ్నం. ఆసుపత్రి కంప్యూటర్ గదిలో ఏసీ చప్పుడు తప్ప ఇంకేం లేదు. కంప్యూటర్లు చూసుకునే డ్యూటీకి పొద్దున్నే వచ్చిన ఆమె, చేతులు ఊరుకోక ఓ పాత కంప్యూటర్ ఖాతా తీసేసింది. అది తనకంటే ముందు నుంచి ఇక్కడ పనిచేసిన స్వెటర్ మామది. మండుటెండల్లో కూడా ఈ గదిలో స్వెటర్ విప్పని మనిషి, పోయిన నెల ఇదే కుర్చీలో గుండె ఆగి పోయాడు. నా అనేవాళ్ళు లేరు పాపం. "అదృష్టవంతురాలివమ్మా, నీకో తమ్ముడున్నాడు," అంటూ ఉండేవాడు. పోయిన మనిషికి ఖాతా ఎందుకని తీసేసింది, అంతే.

ఆ వెంటనే మెయిళ్ళు ఆగిపోయాయి. మహానుభావుడు, మెయిల్ సర్వర్‌కి విడిగా ఖాతా పెట్టకుండా అంతా తన పేరు మీదే నడిపాడు. బుద్ధున్నవాళ్ళు చేసే పనేనా? ఇప్పుడు ఏ ఫైల్ ముట్టుకున్నా ఒకటే మాట: అనుమతి లేదు. యజమాని పేరుండాల్సిన చోట ఒట్టి అంకె. ఖాతా తీసేస్తే పేరు పోయి, కంప్యూటర్ దానికిచ్చిన అంకె ఒక్కటే మిగులుతుంది.

పై అంతస్తులో తమ్ముడు కిడ్నీ కోసం ఎదురుచూస్తున్నాడు. వేరే ఊళ్ళో ఒకటి దొరికింది. ఆసుపత్రి మెయిల్ నుంచి సాయంత్రంలోగా రిపోర్టులు అందకపోతే అది ఇంకొకరికి పోతుంది. ఫోన్ మోగింది.

"అక్కా, పంపావా?"

"అయిపోతోందిరా కన్నా." అబద్ధమాడింది.

ఫైళ్ళన్నీ కొత్త ఖాతా పేరు మీదికి మార్చింది. మారాయి. కన్ను మూసి తెరిచేలోగా మళ్ళీ ఆ అంకె. మళ్ళీ మార్చింది. మళ్ళీ అదే... గదిలో జలుబు మందు వాసన. మామ రాసుకునేదే. కుర్చీ వెనక ఉన్ని రాపిడి చప్పుడు. భయమేసింది ఆమెకి. తల తిప్పలేదు.

"మామా," అంది గుసగుసగా. "తప్పయిపోయింది. నీ ఖాతా నీకిచ్చేస్తా. మెయిల్ వెళ్ళనివ్వు... నీకేం కావాలన్నా తీసుకో."

పాత పేరుతో, పాత అంకెతో ఖాతా మళ్ళీ తెరిచింది. సర్వర్ లేచింది. ఆగిన మెయిళ్ళు ఒక్కొక్కటే కదిలాయి... రిపోర్టులు వెళ్ళాయి. అందాయని జవాబు కూడా వచ్చింది. బల్ల మీద తల వాల్చి ఏడ్చేసింది. జలుబు మందు వాసన లేదిప్పుడు.

తన ఖాతాలోకి వెళ్ళబోతే, అలాంటి పేరే లేదంది కంప్యూటర్. తర్వాత చూద్దాంలే అనుకుని తమ్ముడికి ఫోన్ చేసింది.

"వెళ్ళిపోయిందిరా. కిడ్నీ నీదే."

"ఎవరండీ మీరు?"

"వేళాకోళాలాపు. అక్కనిరా."

"నాకు అక్క లేదండీ. ఉన్నది మామయ్య ఒక్కడే. ఆ కబురు ఆయన ఇప్పుడే చెప్పాడు. పక్కనే ఉన్నాడు, మాట్లాడతారా?"

ఫోన్‌లో... ఉన్ని రాపిడి.

తలుపు దగ్గరికి పరిగెత్తి, తాళం తీసే గుర్తింపు కార్డు ఆనించింది. ఎర్ర దీపం. మళ్ళీ ఆనించింది. ఎర్ర దీపమే. కార్డు తిప్పి చూసుకుంది. ఫొటో ఆమెదే. కింద పేరుండాల్సిన చోట ఒట్టి అంకె.