యాప్‌లో ఇంకో గది

మా వీధిలో పాట వినాలంటే అమావాస్య దాకా ఆగాలి. మిగతా రోజుల్లో ప్రతి ఇంట్లోనూ మగ్గం నడుస్తూనే ఉంటుంది. ఎడమ పక్క ఇల్లు టక్కుమంటే కుడి పక్క ఇల్లు టకటకమంటుంది. అమావాస్య నాడు మాత్రం మా వీధిలో ఎవరూ మగ్గం ఎక్కరు. ఆ రోజు పోచంపల్లిలో కాకి అరిచినా కచేరీలాగే వినిపిస్తుంది. నాకు అప్పట్లో అదే పండుగ.

నేను మగ్గం ఎక్కలేదు. మెయిన్ రోడ్డు మీద చీరల దుకాణం పెట్టుకున్నాను. మా బాపు సిద్దయ్య మాత్రం పోయేదాకా నేలలో తవ్విన గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకునే బతికాడు. ఆయన పోయిన కొన్నాళ్లకు ఆ మగ్గం గదిని పాటల గది చేశాను. కిటికీలు ఇటుకలతో మూయించాను. చప్పుడు బయటికి పోకుండా గోడలకు మెత్తటి పలకలు కొట్టించాను. నార్కట్‌పల్లి వడ్రంగితో బెత్తెడు మందం తలుపు చేయించాను. గుంట పూడ్పించి పైన చెక్క నేల వేయించాను. సరిగ్గా గుంట ఉన్న చోటే నా కుర్చీ పడింది. అక్కడ కూర్చుంటేనే రెండు స్పీకర్లూ సమానంగా వినిపిస్తాయి మరి.

ఆ గదికి మహారాజు ఒక నల్ల పెట్టె. నెట్‌వర్క్ మ్యూజిక్ ప్లేయర్ అంటారు. ధర అడగకండి, నా భార్య స్వరూపకే ఇప్పటిదాకా నిజం చెప్పలేదు. దాని గొంతు బంగారం. కళ్లు మూసుకుంటే పాడే మనిషి రెండు స్పీకర్ల మధ్య నిలబడ్డట్టే ఉంటుంది. దాన్ని నడిపే యాప్ మాత్రం ఇత్తడికి కూడా తూగదు. ఉన్న పాట లేదంటుంది. లేని పాట ఉందంటుంది. నేను ఎక్కించిన పాటలన్నీ ఒక పొద్దున మాయమైపోతాయి, సాయంత్రానికి వేరే బొమ్మలు తగిలించుకుని వస్తాయి. వారం తిరక్కుండా అప్‌డేట్ అంటుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారా? కంపెనీకి రాస్తే ఎప్పుడూ ఒకటే జవాబు: ఆపి, మళ్లీ ఆన్ చేయండి.

అయినా నాకు బుద్ధి రాలేదు. ఇల్లంతా దాని చేతిలోనే పెట్టాను. హాల్లో ఒక చిన్న స్పీకర్, వంటింట్లో ఒకటి, పడకగదిలో ఒకటి. యాప్‌లో గదుల పేర్లు వరుసగా కనిపిస్తాయి. పిలుపు బటన్ నొక్కి మాట్లాడితే నా గొంతు ఆ గదిలో వినిపిస్తుంది. కుర్చీలోంచి లేవకుండానే "స్వరూపా, జర చాయ్" అనేవాణ్ని. పాటల గది లైట్లు, తలుపు తాళం కూడా దానికే కలిపాను. పాట మొదలైతే లైట్లు తగ్గి తలుపు దానంతటదే లాక్ అవుతుంది. కరెంటు పోయినా లాక్ ఊడదు. మధ్యలో ఎవరూ రాకూడదని కోరి పెట్టించుకున్నాను.

"గా పెట్టె ఏదో ఒక దినం నిన్ను లోపల్నే పెట్టుకుంటది చూడు," అనేది స్వరూప.

మా అక్షితకు మాత్రం ఆ పిలుపు ఒక ఆట. బాపు పోయాక, లేక లేక పుట్టిన పిల్ల. ఇప్పుడు రెండో తరగతి. స్పీకర్‌లో నా గొంతు వినబడితే చాలు, కాళ్ల పట్టీలు ఘల్లుఘల్లుమంటుండగా ఉరికొచ్చి తలుపు ముందు నిలబడేది. లోకంలో నాకు ఆ పట్టీల చప్పుడు కంటే ఇష్టమైన సంగీతం లేదు. ఆ పిల్లకు జ్వరం వస్తే నేను దుకాణం తెరవను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. పోయినప్పుడు తన మీద కప్పే బట్టను ఇంటి పెద్ద ముందుగానే తన చేత్తో నేసుకుని పెట్టెలో దాచుకుంటాడు. మా తాత అట్లాగే పోయాడు. బాపు మాత్రం ఆ బట్ట సగంలో ఉండగానే మగ్గం మీదికి తల వాల్చేశాడు. దుకాణం నుంచి కొత్త పంచె తెప్పించి కప్పాం. మగ్గం మీద మిగిలిన పడుగు దారాలను నేనే కత్తెరతో కోసేశాను. మేనత్త గుర్వమ్మ నెత్తి కొట్టుకుంది.

"పడుగు మీద మనిషి పోతే, ఇంటోళ్లు ఎవలో ఒకలు నేసి దించాలె కొడుకా. గట్ల కొయ్యొద్దు. కోస్తే గాయన గుంటల నుంచి ఎట్ల లేస్తడు?"

నేను నవ్వాను. పోగు తోసే నాడె పట్టుకోవడం కూడా రాని నేను ఏం నేస్తాను? ఇప్పటికీ నా ప్రశ్న అదే.

పోయిన శ్రావణానికి ముందు అమావాస్య. మధ్యాహ్నం నుంచే ముసురు పట్టింది. వీధిలో చినుకుల చప్పుడు తప్ప ఏమీ లేదు. భోజనం చేసి పాటల గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. హాల్లో స్వరూప బియ్యం ఏరుతోంది. అక్షిత ఆమె పక్కన బొమ్మలకు రంగులు వేస్తోంది. యాప్ తెరిచాను.

పాటల గది. హాలు. వంటిల్లు. పడకగది. ఆ కింద ఇంకో పేరు ఉంది.

గుంట.

స్వరూప పనే అనుకుని నవ్వుకున్నాను. తీసేద్దామని నొక్కితే 'ఈ గది వాడుకలో ఉంది. తొలగించడం కుదరదు' అని వచ్చింది. అంటే ఆ గదిలో ఏదో పాట నడుస్తోందట. పాట పేరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. నాకు ఒళ్లు మండింది. ఏం పాటో చూద్దామని ఆ పేరు మీద నొక్కాను.

లైట్లు తగ్గాయి. తలుపు క్లిక్‌మని లాక్ పడింది. అంతలోనే ఫోన్ మీద 'అప్‌డేట్ అవుతోంది. పెట్టెను ఆపకండి' అని ప్రత్యక్షమైంది. లైట్లు పూర్తిగా ఆరిపోయాయి.

దాని అమ్మ కడుపు మాడ, ఇప్పుడేనా అనుకున్నాను. ఫోన్ వెలుగులో తలుపు దగ్గరికి వెళ్లి గుంజాను. రాలేదు. బాదాను. బెత్తెడు మందం తలుపు నా పిడికిళ్లను మింగేసింది. స్వరూపకు ఫోన్ చేద్దామంటే ఆ గోడల్లోకి సిగ్నల్ రాదు. వైఫై ఆ పెట్టె గుండానే రావాలి. నా డబ్బు పెట్టి, నా మేస్త్రీతో, నాకు నేనే కట్టించుకున్న జైలు.

కాసేపు ఆగితే అదే అయిపోతుందిలే అని కుర్చీలో కూర్చున్నాను. చీకటి చిక్కగా ఉంది. ఫోన్ చుట్టూ తప్ప నా చేయి నాకే కనబడలేదు. మెల్లగా ఏదో వాసన మొదలైంది. ముందు తడి మన్ను వాసన... వాన కదా అనుకున్నాను. తర్వాత పులిసిన గంజి వాసన. తర్వాత బీడీ పొగ.

మా ఇంట్లో బీడీ తాగినవాడు ఒక్కడే.

అప్పుడు వినిపించింది. టక్... కొంచెం ఆగి, టక్... నాడె అటు పోయి ఇటు వస్తున్న చప్పుడు. అమావాస్య నాడు. స్పీకర్లలోంచే వస్తోంది, అది తెలుస్తూనే ఉంది. కానీ మంచి స్పీకర్లలో ప్రతి చప్పుడుకూ ఒక చోటు ఉంటుంది. దీని చోటు నా ఎదురుగా లేదు. నేల కింద ఉంది. నా కాళ్ల కింద.

పెట్టె వెనక్కి చేయి పెట్టి తీగ పీకేశాను. పెట్టె మీద చిన్న నీలం దీపం ఆరలేదు. చప్పుడు ఆగలేదు.

యాప్‌లో అన్ని గదుల పేర్లూ బూడిద రంగులోకి మారిపోయాయి. గుంట ఒక్కటే వెలుగుతోంది. హాలు మీద నొక్కి, పిలుపు బటన్ పట్టుకున్నాను.

"స్వరూపా... తలుపు తియ్యి. నేను లోపల్నే ఉన్న..."

ఒక్క క్షణం తర్వాత నా మాటలే నేల కింద నుంచి నాకు వినిపించాయి. చప్పుడు ఆగింది. ఎవరో గొంతు సవరించుకున్నారు. నాకు పుట్టినప్పటి నుంచి తెలిసిన దగ్గు అది.

"కండె అయిపోయింది..."

చిన్నప్పుడు బాపు గుంటలోంచి అట్లాగే పిలిచేవాడు, నేను రాట్నం మీద నూలు కండె చుట్టి అందించేవాణ్ని.

"బాపూ..." అన్నాను.

అప్పుడు ఫోన్‌లో హాలు పేరు ఆకుపచ్చగా వెలిగింది. పిలుపు వెళ్తున్న గుర్తు. నేను బటన్ ముట్టుకోలేదు. నేల కింద నుంచి ఒక గొంతు వచ్చింది. ఈసారి అది బాపుది కాదు.

నాది.

"అక్షితా... ఇటు రా బిడ్డా."

నేను అరిచాను. "రాకు! అక్షితా, రాకు బిడ్డా!" గోడలు నా అరుపును నా మీదికి కూడా రానివ్వలేదు. తలుపును భుజంతో గుద్దాను. కుర్చీ ఎత్తి కొట్టాను. పిల్ల ఇప్పుడు ఉరికొస్తుందని నాకు తెలుసు. ఎప్పుడూ అట్లాగే వస్తుంది.

పట్టీలు వినిపించాయి. ఘల్లు... ఘల్లు... తలుపు అవతల నుంచి కాదు.

స్పీకర్ల మధ్య నుంచి. కింద నుంచి.

మెట్లు దిగుతున్నట్టు. గుంటలోకి కాళ్లు పెడుతున్నట్టు...

"నిటారుగ నిలబడు బిడ్డా," గుసగుసగా అన్నాడు బాపు. "చేతులు పక్కలకు పెట్టు. కదలకు."

"గిట్లనా తాతా?"

నా బిడ్డ గొంతు. ఊపిరి కూడా వినబడేంత స్పష్టంగా. అంత డబ్బు పోసి కొన్నది ఆ స్పష్టత కోసమే. నేల మీద పడి చెక్కలు పీకాను. గోళ్లు ఊడాయి. ఒక పలక లేచింది. కింద గట్టిగా దిమ్మిస కొట్టిన ఎర్రమన్ను, నేను పూడ్పించిందే. చేతులతో తవ్వుతూనే ఉన్నాను. ఏడుస్తూనే ఉన్నాను. దారం లాగిన సవ్వడి వినిపించింది. పళ్లతో పుటుక్కున తెంపిన సవ్వడి కూడా.

క్లిక్.

లైట్లు వచ్చాయి. ఫోన్ మీద 'అప్‌డేట్ ఆగింది. తర్వాత కొనసాగుతుంది' అని ఉంది. తలుపు తెరుచుకుంది.

స్వరూప ఇంకా బియ్యం ఏరుతూనే ఉంది. నా చేతులు చూసి చాట కింద పెట్టేసింది.

"అక్షిత ఏది?" అన్నాను.

"ఏదంటవేంది? నువ్వే పిలిస్తివి గద. నీ తానికే వచ్చె. ఇప్పుడే నీ గదిలకెళ్లి బయటికొచ్చి, వంటింట్ల నీళ్లు తాగుతాంది. గా నెత్తురేంది నీ చేతులకు?"

వంటింట్లోకి ఉరికాను. అక్షిత గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. మోకాళ్ల దాకా తడి ఎర్రమన్ను. ఎడమ చేతిలో తెల్ల నూలు చుట్ట. గంజి వాసన వస్తోంది. ఆ చుట్ట తీసుకుని విప్పాను, పిల్ల తల మీద ఒక కొస పెట్టి పాదాల దాకా వదిలాను. ఇంకా కొంచెం నేల మీద మిగిలింది.

"ఇదేంది బిడ్డా?"

"తాత కొలత తీసుకున్నడు డాడీ. తాతది నువ్వు కోసేసినవంట గద? ఇగ నాది నేస్తడంట."

"నీకంటె... పొడుగున్నది గద ఇది."

"జానెడు ఎక్కువ పెట్టిండు," అంది అక్షిత, గ్లాసు కడిగి బోర్లిస్తూ. "తల గూడ కప్పాలె గద అన్నడు."

మర్నాడే నేలంతా తవ్వించాం. మన్ను తప్ప ఏమీ లేదు. పెట్టెను సుత్తెతో పగలగొట్టాను. అది విన్న గుర్వమ్మత్త "ఇప్పుడేం లాభం?" అని మొహం తిప్పుకుంది. ఇప్పుడు దుకాణం కూడా మార్చుకుని నల్గొండలో కిరాయి ఇంట్లో ఉంటున్నాం. చుట్టుపక్కల ఒక్క మగ్గం కూడా లేదు. ఇంట్లో రేడియో కూడా పెట్టనివ్వను. ఫోన్ మార్చాను. యాప్ ఎన్నిసార్లు తీసేసినా తెల్లారేసరికి తిరిగి వస్తోంది. తెరిస్తే గదుల వరుస ఉండదు. ఒక్క గదే ఉంటుంది, గుంట. దాని పక్కన సన్నటి గీత ఒకటి అమావాస్య అమావాస్యకు కొంచెం కొంచెం నిండుతోంది.

ఇవాళ అమావాస్య. దుకాణం మూసి, తలుపులన్నీ బార్లా తెరిచి, పొద్దున్నుంచీ అక్షితను ఒళ్లోనే కూర్చోబెట్టుకున్నాను. పట్టీలు ఎప్పుడో తీసేశాం. ఇందాక ఫోన్ ఒకసారి కదిలింది. చూడకుండా ఉండలేకపోయాను.

'అప్‌డేట్ పూర్తయింది.'

అక్షిత నా ఒళ్లోంచి దిగింది. రెండు చేతులూ పక్కలకు ఆనించి, నిటారుగా, కదలకుండా నిలబడింది.