సబ్బు మేస్త్రీ, వంతెన కింద ఏడుపూ

రైలు వంతెన కింద దారికి మంచిపేరు ఎప్పుడూ లేదు. చీకట్లో వాన పడిందంటే చాలు, అక్కడ ఆడమనిషి ఏడుస్తుందట. మామూలు ఏడుపు కాదు... సన్నగా మొదలై, చెవులు చిల్లులు పడేలా సాగే కీచు ఏడుపు. వరదలో కారుతో సహా మునిగిపోయిన పెళ్లికూతురని ఒకడు. కాదు, పట్టాల మీద పడ్డ పంతులమ్మ అని ఇంకొకడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. కళ్లారా చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

వంతెనకి కూతవేటు దూరంలో ఒక మెకానిక్ షెడ్డు ఉంది. యజమానిని అందరూ సబ్బు మేస్త్రి అంటారు. ఏ కారు ఇంజన్లో బెల్టు కీచుమన్నా ఆయనకి తెలిసిన వైద్యం ఒక్కటే – ఇంజన్ ఆపి, ఒంటి సబ్బు ముక్క తీసి, బెల్టుకి బరబరా రాసేయడం. అప్పటికి అరుపు ఆగిపోతుంది, కారువాడు దండం పెట్టి వెళ్లిపోతాడు. బెల్టు వదులైందా, అరిగిందా, అది తిరిగే పుల్లీ చక్రం పక్కకి జరిగిందా అని చూసే ఓపిక ఆ మహానుభావుడికి లేదు. పైన పటారం, లోన లొటారం. అలాంటి పనికే ఊళ్లో గొప్ప పేరు.

ఆయన కూతురు నర్సు. రాత్రి డ్యూటీ. ఆసుపత్రికి వంతెన కిందనించే పోవాలి, ఇంకో దారి లేదు. వానలు మొదలైన దగ్గర్నించీ ఆమె కారు వంతెన కింద మలుపులోకి దిగిందో లేదో... ఏడుపు. చెవిలో నోరు పెట్టి ఏడ్చినట్టు! అద్దాలెత్తినా ఆగదు. మలుపు దాటి గట్టెక్కగానే – చప్పున ఆగిపోతుంది.

ఒకరోజు వార్డులోనూ ఆ ఏడుపే చెవుల్లో మోగుతుంటే, రోగికి సూది గుచ్చలేకపోయింది. ఇష్టపడి చదివి తెచ్చుకున్న ఉద్యోగం, దెయ్యానికి భయపడి వదిలేయాలా అని కుమిలిపోయింది.

తండ్రికి చెప్పుకుంది. బెల్టేమో చూడమని మెల్లిగా అడిగింది కూడా. ఆయన భగ్గుమన్నాడు. మొన్ననే తన చేత్తో సబ్బు రాశాడట. తను రాసిన బెల్టు అరవడమా? సూర్యుడు పడమట పొడిచినా జరగదట. కాబట్టి ఏడ్చేది దెయ్యమేనని తేల్చేశాడు! ఆడలేక మద్దెల ఓడన్నవాళ్లని చూశాం గానీ, పని రాక దెయ్యాన్ని పిలిచినవాణ్ణి ఈయన్నే చూశాం. పైగా ఉద్యోగం మానేసి ఇంటిపట్టున ఉండమని తీర్పు.

ఆమె మానలేదు. ఆసుపత్రిలో అంబులెన్స్ నడిపే బాబాయిని అడిగింది. ఇంజన్ నడుస్తుండగా బానెట్ ఎత్తి, వేళ్లూ జుట్టూ దగ్గరికి పోనివ్వకుండా, తిరిగే బెల్టు మీద కాసిని నీళ్లు చిమ్మమన్నాడాయన. చిమ్మింది.

కెవ్వుమంది... అదే ఆడమనిషి.

నీళ్లు పడి అరుపు పెరిగితే బెల్టు వదులై జారుతున్నట్టట. కాసేపు తగ్గి మళ్లీ మొదలైతే పుల్లీల వరస తప్పినట్టట. వంతెన కింద నీళ్లు ఎగిరి బెల్టు తడుస్తుంది, మలుపులో స్టీరింగ్ తిప్పితే దాని మీద బరువు పడుతుంది, ఇక జారి అరవక ఏం చేస్తుంది? ఆ అరుపుని గోడలు పెద్దది చేస్తాయి. ఇంజన్ ఆపి చూస్తే బెల్టు లోపలివైపు అద్దంలా మెరుస్తోంది – సబ్బు మహిమ. బెల్టుని బిగించి ఉంచే టెన్షనర్ ఎప్పుడో చచ్చి ఊరుకుంది. ఇద్దరూ కలిసి పుల్లీలు తుడిచి, బెల్టూ టెన్షనరూ కొత్తవి వేశారు.

మర్నాడు రాత్రి మళ్లీ వాన. మలుపులోకి దిగింది. స్టీరింగ్ తిప్పింది. చెవులు రిక్కించింది...

ఏమీ లేదు. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇన్నాళ్లూ ఎంత పిచ్చిదాన్నయ్యానో అని నవ్వుకుంది.

అప్పుడు – వెనకనించి – అదే ఏడుపు.

అద్దంలో వెనక్కి చూసింది, అంతా చీకటే. తన బెల్టు కొత్తది... మరి ఇదెవరు? బ్రేకు తొక్కేసింది, కారు ఆగిపోయింది. ఏడుపు దగ్గరికొచ్చింది... ఇంకా దగ్గరికి... ఆగింది. నీళ్లలో ఎవరో నడిచొస్తున్నారు. కిటికీ అద్దం మీద తడి చెయ్యి పడింది.

"అమ్మా... నేనే," అంది ఒక గొంతు గుసగుసగా.

సబ్బు మేస్త్రి! చేతిలో ఇనుప రాడ్డు. ఉండబట్టలేక, కూతురికి తెలియకుండా దీపాలు ఆర్పుకుని తన కారులో వెనకే వచ్చాడట. దెయ్యం పట్టుకుంటే తనని పట్టుకోవాలి గానీ పిల్లని కాదని. దెయ్యం మలుపు పొడుగునా తన పక్కనే ఏడ్చిందట.

ఆమెకి కోపమూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. వెళ్లి ఆయన కారు బానెట్ ఎత్తి, తిరుగుతున్న బెల్టు మీద సీసాలో నీళ్లు చిమ్మింది. దెయ్యం గొంతెత్తింది. ఆయన చేతిలో రాడ్డు కింద పెట్టాడు.

అంతలో మలుపు అవతల ఇంకో ఏడుపు మొదలైంది. సన్నగా... దూరంగా...

మేస్త్రి తల దించుకున్నాడు.

"అది హెడ్మాస్టారి కారు తల్లీ," అన్నాడు. "పోయిన వారమే సబ్బు రాశాను."

"పొద్దున్నే సబ్బు పారేసి షెడ్డు తెరువు నాన్నా. నాకు డ్యూటీకి టైమైంది," అని ఆమె కారెక్కింది.