మూసిన ఇంట్లో నెట్ పెట్టె

కొమరోలులో మా వీధి మొదట్లో ఉన్న పిచ్చయ్య ఇంటి ముందు చీకటి పడ్డాక ఎవరూ ఆగరు. ఆయన చెడ్డ నక్షత్రంలో పోయాడని పంతులు ఆరు నెలలు ఇల్లు మూయించాడు. వాకిలికి ముళ్ళకంప అడ్డం పెట్టి, కొడుకు తల్లిని వెంటబెట్టుకుని ఊరవతలి అద్దింటికి మారాడు. దెయ్యాలేంటని పగలు నేనూ బోలెడు కబుర్లు చెబుతాను. రాత్రయితే మాత్రం పక్క సందులోంచి చుట్టు తిరిగి వస్తాను.

అంత ఇంట్లో ఒక్క ప్లగ్గుకే కరెంటు ఉంచారు. వసారా గోడకున్న పెట్టె నుంచే వీధికంతా నెట్ వస్తుంది. దాన్ని ఆపొద్దని కేబుల్ నరేష్ కాళ్ళావేళ్ళా పడ్డాడు.

ఇది మా ఎదురింట్లో అద్దెకుండే నర్సు మేరీ కూతురు కృపారాణి నాకు చెప్పిన సంగతి.

నర్సింగ్ సీటుకు కాలేజీలు ఎంచుకోవడానికి అదే ఆఖరి రోజు. రాత్రి ఎనిమిదికి సైటు మూసేస్తారు. తల్లి డ్యూటీలో ఉంది. ఏడుంబావుకి, ఇక సబ్మిట్ నొక్కడమే తరువాయి అనగా... నెట్ పోయింది.

మోడెం ఆపి మళ్ళీ వేసింది. వైరు పీకి పెట్టింది. కంప్యూటరూ ఆపి మళ్ళీ వేసింది. మోడెం మీద ఎర్ర లైటు ఎర్రగానే ఉంది. ఫోన్‌లో ఆ సైటు తెరుచుకోనే లేదు. నరేష్‌కి ఫోన్ చేసింది.

"పిచ్చయ్య ఇంట్లో పెట్టె ఆగిపోయినట్టుండాదిమ్మా. ప్లగ్గు ఊడింటాది."

"రా అన్నా, తొందరగా!"

"నేను గిద్దలూరులో ఉండా. అయినా... పొద్దుగూకినాక ఆ ఇంట్లోకి నేను రాను."

ఏడాదంతా పోతుందన్న భయం ముందు దెయ్యం భయం చిన్నదైపోయింది. టార్చి పట్టుకుని బయలుదేరింది.

వాకిట్లో ముళ్ళకంప... పక్కకి జరిపి ఉంది.

వసారాలో పెట్టె మీద ఒక్క లైటూ లేదు. ప్లగ్గు ఊడలేదు — ఎవరో పీకి కింద పెట్టారు. తీయబోయి వంగింది. అప్పుడు మూల నుంచి... మెల్లగా...

"సుబ్బులూ... తలుపు తీసిపెట్టు. వస్తాండా."

పిచ్చయ్య గొంతు! అదే దగ్గు, అదే సాగదీత. టార్చి చేతిలోంచి జారింది. అరవడానికి నోరు తెరిచింది.

"అరవొద్దు పాపా..."

చల్లటి చెయ్యి ఒకటి ఆమె మణికట్టు పట్టుకుంది.

కిందపడ్డ టార్చి వెలుగులో మనిషి కనబడింది — పిచ్చయ్య భార్య వెంకటసుబ్బులమ్మ. ఒళ్ళో భర్త పాత ఫోన్. దాని ఛార్జర్, పెట్టె ప్లగ్గు ఉండాల్సిన చోట.

"ఆయన మాట ఈ ఫోన్‌లో ఇదొక్కటే మిగిలింది. సంత నుంచి వస్తా పంపినాడు. పోయినోళ్ళ ఫోన్ కీడు, పారెయ్యమన్నాడు మావాడు. దాచుకున్నా. అద్దింట్లో ఛార్జి పెడితే చూస్తాడని..."

"అవ్వా, నా సీటు పోతాది! మా ఇంట్లో పెట్టుకుందువుగాని, రా."

"మూసిన ఇల్లు తొక్కినదాన్ని. నేనొస్తే మీకు చెడుపు."

"మాకా పట్టింపులు లేవు. లెయ్ అవ్వా!" అంటూ ఛార్జర్ తీసి పెట్టె ప్లగ్గు గుచ్చి, ఆమెను తమ ఇంటికి లాక్కెళ్ళింది.

ఏడూ యాభై రెండుకి సబ్మిట్ అయింది. కృపారాణికి ఏడుపొచ్చినంత పనైంది. పక్కనే ఫోన్‌ని రెండు చేతులా పట్టుకుని కూర్చున్న ముసలామెను చూసి, ఆ మాటను కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టింది.

"ఇంక ఫోన్ పాడైపోయినా ఇది పోదవ్వా."

వెంకటసుబ్బులమ్మ తెర వైపు చాలాసేపు చూసింది. తర్వాత దగ్గరికి జరిగి, ఎవరైనా వింటారేమోనన్నట్టు గుసగుసగా అడిగింది.

"అయితే ఈసారి... ఈయన నన్నిడిసి ఎక్కడికీ పోడు గదా పాపా?"

చీకటి వసారాలో కంటే ఆ మాటకే తనకి ఎక్కువ భయమేసిందని చెప్పింది కృపారాణి.