కథ చెప్పిన నేరం

వకుళ ఆ పెద్దాయన తలలోంచి ముందు ఫైట్లు తీసింది, తర్వాత పాటలు, ఆఖర్న క్లైమాక్సు. మరపుతొడుగు విప్పి, "అయిపోయింది బాబాయ్, వెళ్ళి హాల్లో కూర్చోండి," అంది.

ఆయన చొక్కా సర్దుకుంటూ, "ఇంతకీ ఏం సినిమా అమ్మా?" అన్నాడు.

"కరకట్ట కాంతారావు."

"పేరు బావుందే. ఎప్పుడూ వినలేదు."

నరసరావుపేటలో ఆ సినిమా చూడని మనిషి లేడు. సినిమాలు తీసే సంస్థకొచ్చిన చిక్కే అది. అందరూ చూసేసిన సినిమాకి మళ్ళీ టికెట్టెవరు కొంటారు? అందుకని కొత్తవి తియ్యడం మానేసి, పాతవాటిని మరిపించడం మొదలుపెట్టారు. సిగ్గుమాలిన వ్యాపారం, దానికి మళ్ళీ చట్టం అండ. విడుదలకి ముందు ఊరంతా మరపుగదికి రావాలి. ఎక్కడైనా కథ పొక్కిందా, విడుదల రద్దు, మరపూ రద్దు. ఏది తుడవాలో తెలియాలి కాబట్టి ఆపరేటర్లకి మాత్రం కథ మిగులుస్తారు.

తర్వాత వచ్చిన సైదమ్మ కుర్చీలో కూర్చోలేదు.

"నేను చేయించుకోనమ్మాయ్. రానంటే బండెక్కించి తీసుకొచ్చారు."

"నొప్పేం ఉండదు పెద్దమ్మా."

"నొప్పికా నా భయం? ఆ సినిమాకి నా పిల్లని ఎత్తుకెళ్ళా. కాంతారావు ఏట్లో దూకంగానే, 'అమ్మా, మామకి ఈతొచ్చా?' అని గట్టిగా అడిగింది. హాలంతా నవ్వారు. ఆ ఏడే జొరమొచ్చి పోయింది. దాని గొంతు నాకు ఆ ఒక్కచోటే మిగిలింది."

తుడవనని మాటిచ్చి, వకుళ తొడుగు పెట్టి చూసింది. పిల్ల గొంతు ఆ సీనుకి అతుక్కుపోయి ఉంది. సూపర్‌వైజరు ప్రభంజనరావుకి ఫోను చేసింది.

"సార్, ఈ సీను తీస్తే చనిపోయిన పిల్ల గొంతు కూడా పోతుంది."

"అంచునష్టం మామూలేగా వకుళా. కానిచ్చెయ్."

"ఒక్కరేగా సార్, వదిలేద్దాం."

"ఆ ఒక్కరి నోట్లోంచే కథ బయటికొచ్చేది."

వకుళకి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళలో ఎందరి తలల్లోంచి ఎవరెవరి గొంతులు ఊడ్చి పారేసిందో ఆమెకే తెలియదు. సైదమ్మ చెయ్యి పట్టుకుని హాల్లోకి నడిచింది. మరపు పూర్తయిన జనం బెంచీల నిండా కూర్చుని ఉన్నారు. పేర్లు పిలిచే మైకు అందుకుంది.

"అందరూ వినండి. కరకట్టకి గండి కొట్టింది విలన్ కాదు, కాంతారావు సొంత తమ్ముడు. కాంతారావు ఏట్లో దూకుతాడు, కానీ చచ్చిపోడు. అవతలి గట్టున తేలతాడు."

"చెప్పేసిందేందిరా," అని ఎవరో తల పట్టుకున్నారు. గోడమీద విడుదల తేదీ చూపే బోర్డు ఎర్రబడి ఆరిపోయింది. ప్రభంజనరావు పరిగెత్తుకొచ్చాడు.

"మైకు ఆపు. ఉద్యోగం పోతుంది, జైలుకి పోతావు."

"పోనివ్వండి సార్," అంది వకుళ, మైకులోనే. "ఈ ఊళ్ళో ఇంకెవర్నీ ఆ కుర్చీలో కూర్చోబెట్టలేరు."

ముందు బెంచీలోంచి ఒకామె లేచింది. "అది సరే, అసలు ఏట్లో ఎందుకు దూకాడు?"

వకుళ నోరు తెరిచేలోగా సైదమ్మ మైకు లాక్కుంది.

"అట్టా చివర్నించి చెప్తే ఏం బావుంటది? అందరూ కూర్చోండి. పేర్లు పడే కాడ్నించి చెప్తా. మధ్యలో నా పిల్ల కూడా ఉంది."