ఆ సాయంత్రం బెలూన్ ఎగరలేదు

గ్యాస్ గదిలో పని మొదలుపెట్టే ముందు చేయవలసినవి ఇవి:

ఫోను బయట బల్ల మీద పెట్టాలి. గాజులు, గొలుసు తీసెయ్యాలి. ఒంటి మీద నూలు బట్ట తప్ప మరొకటి ఉండకూడదు. నేల తడపాలి. బెలూన్‌ని వెలుతురుకు పట్టి చిల్లులున్నాయేమో చూడాలి. కింద కట్టే పెట్టెలో పరికరం పలుకుతోందో లేదో వినాలి. బయటి మనిషిని గుమ్మం దాటనివ్వకూడదు.

ఆరు పనులు ముగించి, మనిషెత్తు ఉబ్బిన తెల్ల బెలూన్ మెడ ఆమె రెండు చేతులా పట్టుకుని ఉండగా, ఏడో పని తనంతట తానే నడిచి వచ్చింది.

"ఇదేనాండీ మా నాన్న కొంప ముంచింది?"

గుమ్మంలో ఒక యువకుడు. నీలం చొక్కా తళతళలాడుతోంది. చంకలో ఫైలు.

"ఆగండి! ఆ చొక్కాతో లోపలికి రావద్దు!"

అతను చొక్కా వంక చూసుకున్నాడు. "ఏం, బాలేదా? నిన్ననే కొన్నాను."

"అది నైలాన్. నిప్పురవ్వ లేస్తుంది. ఇక్కడంతా హైడ్రోజన్. మీరు, నేను, ఈ గది, ముగ్గురం కలిసి ఆకాశంలోకి పోతాం."

"పోతే పోయాం. అప్పుడు కూడా మీ వాళ్లు బెలూన్ అనే రాస్తారు."

ఆమెకు నవ్వు తన్నుకొచ్చింది. నవ్వితే చేతిలో మెడ జారుతుంది. అందుకని పళ్లు బిగించి, "బయట బెంచీ మీద కూర్చోండి. దీన్ని వదిలి వస్తాను" అంది.

ఆమె వాతావరణ కార్యాలయంలో చిన్న ఉద్యోగి. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. తల్లి ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికి చదివించింది. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. వీధిలో వాళ్లు ఆమెను బెలూనమ్మాయి అంటారు. పిలవడానికి అదే తేలిక.

బెలూన్ మబ్బుల్లో కలిసిపోయాక వచ్చి చూస్తే, అతను ఇంకా తల పైకెత్తి చూస్తూనే ఉన్నాడు.

"ఇంత మెల్లగా, ఇంత అమాయకంగా పోయేదాన్ని చూసి మా నాన్న లాంచీ ఆపేశాడంటారా?" అన్నాడు. ఈసారి అతని గొంతులో వేళాకోళం లేదు.

అతని తండ్రి నది మీద లాంచీ నడిపే సరంగు. పదకొండేళ్ల కిందట, పొద్దు వాలే వేళ, అరవై రెండు మందితో నడి నదిలో ఉండగా, ఎదురుగా నీళ్ల మీద ఇల్లంత వెలుగు చప్పుడు లేకుండా నిలబడింది. సరంగు ఇంజను ఆపేశాడు. ఎనిమిది నిమిషాల తర్వాత వెలుగు నిట్టనిలువుగా లేచిపోయింది. లాంచీ కొట్టుకుపోయి ఇసుక మేట ఎక్కింది. ఎవరికీ గోరంత గాయం కాలేదు.

వారం తిరక్కుండా ప్రభుత్వం ప్రకటించింది. ఆకాశంలో గుర్తు తెలియని వస్తువేదీ లేదు, అది వాతావరణ బెలూన్. బెలూన్‌ని పోల్చుకోలేని కళ్లు లాంచీ నడపడానికి పనికిరావు. లైసెన్సు రద్దు.

అరవై రెండు మందీ ఆ వెలుగు చూశారు. ప్రకటన వచ్చాక ఒక్కొక్కరే, "మాకెందుకు బాబూ, మేం చూళ్లేదు" అన్నారు. బయటికి అలా అన్నవాళ్లే టీ బడ్డీ దగ్గర వేరేగా మాట్లాడేవారు. "పెట్రోలు ధర పెంచం అన్నారు, మర్నాడే పెంచారు. కట్ట తెగదన్నారు, తెగింది. ఇప్పుడు ఏమీ లేదంటున్నారంటే, ఏదో ఉన్నట్టే." ప్రభుత్వం లేదు లేదన్నకొద్దీ ఊరికి నమ్మకం ముదిరింది.

"నేను కళ్లద్దాల షాపు పెట్టిందే అందుకండీ" అన్నాడతను. "ఏటా నాన్న కళ్లు పరీక్ష చేస్తాను. చార్టులో ఆఖరి వరస చదివేసి, దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే ప్రెస్సు పేరు కూడా చదువుతాడు. మూడు వారాల్లో వంతెన తెరుస్తున్నారు. లాంచీలు ఆగిపోతాయి. ఆఖరి రోజైనా చక్రం పట్టుకోవాలని ఆయన కోరిక. కొత్త సాక్ష్యం తెస్తే ఒకే ఒక్కసారి వింటానని నౌకా అధికారి ఒప్పుకున్నాడు."

"అయితే నేనేం చెయ్యాలి?"

"వచ్చింది గ్రహాంతరవాసులే అని రాసివ్వండి. చాలు."

"ఆ ఫారం మా దగ్గర లేదు."

అతను గబుక్కున నవ్వేశాడు. ఆమె నవ్వలేదు. ఆలోచిస్తోంది.

"మా దగ్గరికి వాన సర్టిఫికెట్ల కోసం జనం వస్తారు. గోడ కూలిందనో, సరుకు తడిసిందనో. ఏ రోజు ఎంత కురిసిందో రిజిస్టర్ చూసి నకలు ఇస్తాం. మీరు ఆ సాయంత్రం పై గాలుల వివరాలు కావాలని దరఖాస్తు రాయండి. పై గాలులు చెప్పేది బెలూనే. అది ఎగిరిందో లేదో రిజిస్టర్లో ఉంటుంది. ఉన్నదే ఇస్తాను, లేనిది రాయను."

"ఎగిరిందని ఉంటే?"

"అదే ఇస్తాను."

అతను ఆమె ముఖంలోకి ఒక క్షణం చూశాడు. జేబులోంచి పెన్ను తీశాడు.

పాత రిజిస్టర్లు వెనక కొట్లో గోనె సంచుల్లో ఉన్నాయి. భోజనం వేళ మాత్రమే ఆమెకు తీరిక. రోజూ ఆ వేళకు అతను నూలు చొక్కాతో బెంచీ మీద ప్రత్యక్షమయ్యేవాడు.

"మీరు రోజూ రానక్కర్లేదు."

"చొక్కాలు చూపించడానికి వస్తున్నానండీ. నాలుగు కొన్నాను, అన్నీ నూలువే. ఇంకో రెండు రోజులు పట్టించండి, నాలుగూ చూసేస్తారు."

"మీ షాపులో పని లేదా?"

"ఉంది. 'ఈ ఊళ్లో అందరి చూపూ బాగానే ఉంది, ఒక్క ఆఫీసుకే లేదు' అని బోర్డు పెట్టి వచ్చాను."

మూడో రోజు వాన పడింది. బెంచీ తడిసింది. అతను చూరు కింద గోడకు అంటుకుని నిలబడ్డాడు. కొట్టు కిటికీలోంచి చూస్తే సగం మనిషి వానలో ఉన్నాడు, సగం మనిషి పొడిగా ఉన్నాడు. పిలిచి కుర్చీ వేద్దామనుకుంది. ఎందుకో పిలవలేక, అదే పేజీ మూడుసార్లు తిప్పింది.

నాలుగో రోజు దొరికింది. చెదలు అంచులు కొరికిన పేజీ. గుండ్రటి చేతిరాత.

"సాయంత్రం నాలుగూ నలభైకి గ్యాస్ నింపుతుండగా బెలూన్ పగిలింది. స్టాకులో వేరే బెలూన్ లేదు. ఈ పూట ఎగరవేయలేదు."

ఆమె తేదీ మరోసారి సరిచూసుకుంది. బయటికి వచ్చి చెప్పింది. అతను ముఖం తిప్పుకుని, కళ్లు తుడుచుకుని, సైకిలెక్కి దూసుకుపోయాడు.

మర్నాడు పొద్దున ఆఫీసు గేటుకు, పక్కన కరెంటు స్తంభానికి, ఎదుటి గోడకు పోస్టర్లు. "వాతావరణ శాఖ ఒప్పేసుకుంది! వచ్చింది గ్రహాంతరవాసులే!" కింద ఎగిరే పళ్లెం బొమ్మ.

పెద్దసారు ఆమెను పిలిచాడు. బల్ల మీద ఒక పోస్టరు పరిచి ఉంది.

"ఏమిటమ్మా ఇది? నాలుగు పత్రికల వాళ్లు ఫోన్ చేశారు. సర్టిఫికెట్టూ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఆ రిజిస్టరు కట్టేసి పైన పెట్టు. నీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదని గుర్తుందా?"

గుర్తుంది. తల వంచుకుని బయటికి వచ్చింది. మధ్యాహ్నం అతను వచ్చేసరికి ఆమె గేటు దగ్గరే నిలబడి ఉంది.

"నేను మీకు చెప్పిందేమిటి? బెలూన్ ఎగరలేదని. అంతేగా?"

"సంతోషం పట్టలేక షాపులో పళ్లెం మాస్టారికి చెప్పానండీ. ఆయనే..." పళ్లెం మాస్టారంటే రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. అద్దాలు బాగుచేయించుకోవడానికి వచ్చి, గంటల తరబడి ఎగిరే పళ్లేల గురించి చెప్పేవాడు.

"ఆయన అచ్చేశాడు, మీరు చూస్తూ ఊరుకున్నారు."

అతను తల వంచుకున్నాడు. "అబద్ధం ఏముందండీ? బెలూన్ కాదంటే మరి అదే కదా?"

"కాదు! బెలూన్ కాదంటే బెలూన్ కాదు. ఏమిటో తెలియదు. తెలియకుండానే వాళ్లు బెలూన్ అన్నారు, తెలియకుండానే మీరు పళ్లెం అంటున్నారు. వాళ్లకూ మీకూ తేడా ఏముంది? మధ్యలో నలిగిపోయింది మీ నాన్న. ఆయన పళ్లెం చూశానన్నారా ఎప్పుడైనా?"

"లేదు. వెలుగు చూశానన్నాడు."

"మరి ఆయన మాట మీరే ఎందుకు మార్చారు?"

అతను ఎదుటి గోడ మీది పోస్టరు వంక చూశాడు. ఆమె గేటు వేసుకుని లోపలికి పోయింది. వేసినప్పుడు అనవసరంగా గట్టిగా వేసింది.

ఆ సాయంత్రం ఇంట్లో తల్లికి అంతా చెప్పింది. తల్లి చేతులకు సబ్బు వాసన.

"ఇప్పుడు చెయ్యకపోతే ఏమవుతుంది?" అంది తల్లి.

"ఏమీ కాదమ్మా. ఉద్యోగం ఉంటుంది."

"చేస్తే?"

"పోవచ్చు."

తల్లి కాసేపు చేతులు తుడుచుకుంది. "నీ చేత అక్షరాలు దిద్దించింది ఉన్నది రాస్తావనేగా. పోతే పోనీవే. ఆసుపత్రిలో దుప్పట్లకు కరువా? ఇద్దరం ఉతుకుదాం." తర్వాత ఓరగా చూసి, "ఇంతకీ ఆ అద్దాలబ్బాయి రోజూ రావడం దేనికో?" అంది.

"నకలు కోసమమ్మా!"

"ఆహా. నాలుగు రోజులు తిరిగి, వానలో నిలబడి నకలు తీసుకునేవాణ్ణి నేనెక్కడా చూళ్లేదు."

మర్నాడు ఆఫీసుకు వస్తుంటే దారిలో పోస్టర్లు లేవు. గోడల మీద గోకిన గుర్తులే మిగిలాయి. రేవు దగ్గర అతను బకెట్టుతో, గరిటెతో ఆఖరి పోస్టరు గోకుతున్నాడు. చుట్టూ జనం.

"ఎందుకయ్యా చింపుతున్నావ్? గవర్నమెంటోళ్లు బెదిరించారా?" అని ఎవరో అరిచారు.

"ఎవరూ బెదిరించలేదు బాబాయ్. ఇందులో ఉన్నది నిజం కాదు. మా నాన్న వెలుగు చూశాడు. అది ఏమిటో నాకు తెలీదు, మీకూ తెలీదు."

పళ్లెం మాస్టారు కోపంతో ఊగిపోతూ, "ద్రోహివిరా నువ్వు!" అన్నాడు.

"తిట్టండి మాస్టారూ. మీ అద్దాలు మాత్రం రేపటికి రెడీ."

ఆమె ఆగలేదు. కానీ ఆఫీసు మెట్లు రెండేసి ఎక్కింది.

పెద్దసారు ముందు రెండు కాగితాలు పెట్టింది. "ఒకటి రిజిస్టర్ నకలు సార్. రెండోది దరఖాస్తు తిరస్కరించే కాగితం. రూలు ప్రకారం తిరస్కరిస్తే కారణం రాయాలి. కారణం గడి ఖాళీగా వదిలాను. ఏది కావాలంటే దాని మీద సంతకం పెట్టండి."

పెద్దసారు రెండో కాగితం తీసుకున్నాడు. కారణం గడి దగ్గర పెన్ను ఆగింది. చాలాసేపు ఆగింది.

"ఆనాటి జవాబు టైపు చేసింది నేనేనమ్మా" అన్నాడు చివరికి. "పైనుంచి ఫోను. గంటలో ఏదో ఒకటి చెప్పాలన్నారు. బెలూన్ అంటే ఎవరూ గొడవ పడరనుకున్నాం. రిజిస్టరు పక్క గదిలోనే ఉంది. లేచి చూడలేదు." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "తెలియదు అని రాయడం ప్రభుత్వానికి అలవాటు లేదమ్మా."

"మొదలుపెడదాం సార్."

ఆయన నకలు మీద సంతకం చేశాడు. కింద తన చేత్తోనే ఒక వాక్యం చేర్చాడు: "ఆనాడు కనిపించినది ఈ కార్యాలయపు బెలూన్ కాదు. ఏమిటో ఈ కార్యాలయానికి తెలియదు."

విచారణ పావుగంటలో ముగిసింది. నౌకా అధికారి కాగితం రెండుసార్లు చదివాడు. కంటి చార్టు తెప్పించాడు. సరంగు ప్రెస్సు పేరు దాకా చదివాడు. లైసెన్సు తిరిగొచ్చింది.

ఆమె ఆఫీసు మెట్ల మీద అతను ఎదురుపడ్డాడు.

"ఇంకో దరఖాస్తు ఉందండీ. ఈసారి గాలి గురించి కాదు."

"మరి దేని గురించి?"

"జీవితాంతం నూలు చొక్కాలు వేసుకోవడానికి అనుమతి గురించి."

ఆమె ముఖం కందిపోయింది. "మీరు పోస్టర్లు వేయించే మనిషి."

"గోకేసే మనిషిని కూడా."

"అమ్మను అడగాలి" అని మెట్లు దిగిపోయింది. ఆ మాటకు అర్థమేమిటో తెలియక అతను మూడు రోజులు తప్పు నంబరు అద్దాలు బిగించాడు.

లాంచీ ఆఖరి రోజు రేవు నిండిపోయింది. ఆనాడు చూళ్లేదన్నవాళ్లు కూడా వచ్చారు. కొందరు సరంగు చెయ్యి పట్టుకుని, "మేమూ చూశాం అన్నా" అన్నారు. ఆయన ఎవర్నీ ఏమీ అనలేదు. ఆమె తల్లితో కలిసి లాంచీ ఎక్కింది. నడి నదిలో సరంగు ఆమెను చక్రం దగ్గరికి పిలిచాడు.

"చదువుకున్నదానివి. నాకొక్కదానికి జవాబు చెప్పమ్మా. ఆ రోజు నేను చూసింది ఏమిటి?"

వెనక ఉన్న అతను ఒకడుగు ముందుకు జరిగాడు. ఆమె నది వంక చూసింది, ఆకాశం వంక చూసింది, చివరికి ముసలాయన కళ్లలోకి చూసింది.

"తెలియదు, మావయ్యా."

 సరంగు లాంచీ ఊగేలా నవ్వాడు. "పదకొండేళ్లలో ప్రభుత్వం నాకు చెప్పిన మొదటి నిజం ఇది. ఒరేయ్, విన్నావా? మొదటి మాట కాదురా, రెండోది!"

విన్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమె తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నకలు అందినట్టేనా బాబూ?" అంది.

వాళ్లిద్దరి పెళ్లయిన రెండేళ్లకు సరంగు నిద్రలోనే పోయాడు. చదివినవాళ్లకు ఒక మనవి. తాను చూసింది చూశానని చెప్పి ఎవరైనా నవ్వులపాలవుతుంటే, ఆయన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. అర్థం కానిది ఎదురైతే ముందు ఇంజను ఆపి అరవై రెండు మందిని కాచినవాడు, ఆ తర్వాత ఎవరెంత నవ్వినా వెలుగును వెలుగు అనే అన్నవాడు.