మూడో పిల్ల ముఖం

సింగపూర్‌ని సింహాల ఊరంటారు గానీ జూలో తప్ప అక్కడ సింహాన్ని చూసినవాడు లేడు. ప్రసన్నలక్ష్మికి వచ్చిన పనీ అలాంటిదే. ఎన్నో వందల ఏళ్ల కిందట, జన్మలో సింహాన్ని చూడని యూరప్ సన్యాసులు తోలు పుటల మీద వేసిన సింహాలు రోజూ ఆమె మానిటర్ మీదికి వచ్చేవి. కుక్క ఒళ్లు, మనిషి కనుబొమలు. ఏనుగుకి పంది కాళ్లు, తిమింగలానికి చేప పొలుసులు. ఒక్కోటి చూసి తనలో తనే నవ్వుకునేది.

అది డాట్‌కామ్ కంపెనీలు పుట్టగొడుగుల్లా లేస్తున్న కాలం. భర్త అనిరుధ్ వాటిలో ఒకదానిలో ప్రోగ్రామరు. ఆమె జురాంగ్ వెస్ట్‌లో చిన్న ఆఫీసులో చేరింది. ఎక్కడిదో ఓ లైబ్రరీ పాత పుస్తకాలను స్కాన్ చేసి పంపితే, వాటి మీది బూజు మచ్చలూ నూనె మరకలూ కంప్యూటర్లో తుడవడం పని. రంగులు తేడా రాకూడదని కిటికీలకు నల్ల తెరలు కట్టేవారు. పట్టపగలే చీకటి. ఏసీ హోరు, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. సాయంత్రమైతే పక్క బ్లాకులోని చైల్డ్‌కేర్ నుంచి కూతురు కావ్యశ్రీని తీసుకుని బుకిట్ బటోక్‌లోని ఇంటికి బస్సెక్కేది. ఐదేళ్ల ఆ పిల్ల చల్లటి అద్దానికి మూతి ఆనించి ‘హా’ అని ఊది, పట్టిన ఆవిరి మీద వేలితో పిల్లి బొమ్మ వేసేది. దారి పొడవునా అదే ఆట. చైల్డ్‌కేర్‌లో అంటిన సింగపూర్ అలవాటుతో మాట చివర ‘లా’ చేర్చేది.

మరక తుడవడమంటే ఉట్టినే చెరిపెయ్యడం కాదు. పక్కన బాగున్న చోటు నుంచి ఓ ముక్క ఎత్తి మరక మీద అద్దాలి. ఎక్కడి నుంచి తీయాలో ముందు చూపించనిదే కంప్యూటర్లోని ఆ బ్రష్ కదలదు.

“మరకలు మీ ఇష్టమండీ. బొమ్మ జోలికి మాత్రం వెళ్లొద్దు” అని అరుణశ్రీ మొదటిరోజే చెప్పింది. ఆమె యూనివర్సిటీలో ఈ బొమ్మల మీదే రీసెర్చ్ చేస్తున్న గుంటూరు అమ్మాయి. తుడిచిన పేజీలన్నీ సరిచూసేది ఆమే.

ఓ వాన మధ్యాహ్నం ఒక పేజీ వచ్చింది. మగసింహం, ఆడసింహం, కాళ్ల దగ్గర మూడు పిల్లలు. రెండు పిల్లలు కళ్లు తెరిచి చూస్తున్నాయి. మూడోదానికి ముఖం లేదు. ముఖం ఉండాల్సిన చోట తెల్లగా అరిగిపోయిన తోలు.

“ఇదేంటి అరుణా?”

“సింహం పిల్లలు చచ్చే పుడతాయని వాళ్ల నమ్మకమండీ. తల్లి పక్కనే కాపలా కాస్తుందట. మూడోనాడు తండ్రి వచ్చి ముఖం మీద ఊపిరి ఊదితే లేచి కూర్చుంటాయట.”

“మరి దీని ముఖం ఏమైంది?”

“చదివినవాళ్లు తడిమి తడిమి, ముద్దులు పెట్టి అరగదీసేశారు. పాత పుస్తకాల్లో మామూలే. అదీ హిస్టరీయే, వదిలేయండి.”

అరుణశ్రీకి తెలియదు. కిందటేడు ప్రసన్నకి పుట్టిన మగబిడ్డకి ఊపిరి లేదు. నర్సు ఎత్తుకొచ్చి చూస్తావా అనబోతే, “వద్దు ప్రసన్నా, చూస్తే మర్చిపోలేవు” అని అనిరుధ్ అడ్డుపడ్డాడు. ఆమె మంచికే అన్నాడు పాపం. కానీ ఏడవాలన్నా కళ్ల ముందుకి తెచ్చుకోవడానికి ఆమెకో ముఖం లేదు. ఆ లోటు ఏడాదిగా గుండెలో రాయిలా ఉంది.

అరుణశ్రీ కాఫీకి వెళ్లింది. ప్రసన్న పక్కనున్న రెండో పిల్ల ముఖాన్ని చూపించి, బ్రష్‌ని మూడో పిల్ల మీద నెమ్మదిగా తిప్పింది.

తీసింది రెండో పిల్ల ముఖం. వచ్చింది మాత్రం అది కాదు... గుండ్రటి పసిబిడ్డ బుగ్గలు. లోపలికి మడుచుకున్న కింది పెదవి.

వెనక నుంచి మెడ మీద వెచ్చగా ఎవరో ఊదినట్టయింది. తిరిగి చూస్తే నల్ల తెర.

సేవ్ చేసింది. అచ్చు తీసి ఇంటికి పట్టుకెళ్లింది.

అనిరుధ్ అన్నం తింటూ ఆ కాగితం చూశాడు. కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

“నీకెవరు చూపించారు?”

“ఎవర్నండీ?”

“వాణ్ణి... వాడి పెదవి ఇలాగే ఉండేది.”

ఏడాదిలో మొదటిసారి ఇద్దరూ కలిసి ఏడ్చారు. ఆమె ఆ కాగితాన్ని గుండెల మీద పెట్టుకుని పడుకుంది.

మర్నాడు పేజీ తెరిస్తే రెండో పిల్లకి ముఖం లేదు.

గాభరాగా అసలు స్కాన్ ఉన్న సీడీ పెట్టి చూసింది. అందులోనూ లేదు.

“మొదట్నుంచీ అరిగిపోయింది ఆ రెండోదే కదండీ?” అంది అరుణశ్రీ, ఆమెని వింతగా చూస్తూ.

సాయంత్రం చైల్డ్‌కేర్ మెట్ల మీద కావ్య ముడుచుకుని కూర్చుని ఉంది. చెయ్యి పట్టుకుంటే మంచుగడ్డ. బస్సులో అలవాటుగా అద్దానికి మూతి ఆనించి ఊదింది. అద్దం మసకబారలేదు. మళ్లీ ఊదింది.

“మమ్మీ... రావట్లేదు లా.”

ప్రసన్న అరచెయ్యి కూతురి నోటి ముందు పెట్టింది. పెదాలు కదులుతున్నాయి. ఊపిరి తగలడం లేదు.

ఆమెకి అర్థమైపోయింది. రెండో పిల్ల నుంచి తను ఎత్తింది ముఖం ఒక్కటే కాదు, కావ్య ఊపిరి. బెల్ కొట్టి దిగి, పిల్లని చంకనెత్తుకుని, వానలో ఆఫీసుకి పరిగెత్తింది. అందరూ వెళ్లిపోయిన చీకటి గదిలో పేజీ తెరిచింది. ఈసారి మూడో పిల్ల ముఖాన్ని చూపించాలి. రెండోదాని మీద అద్దాలి. ఎంతసేపటి పని? కానీ...

మానిటర్ మీంచి ఆ పసిముఖం ఆమెనే చూస్తోంది.

“నాన్నా...” అంది. “అక్కకిచ్చెయ్యరా. నా బంగారం కదూ...”

అద్దింది.

రెండో పిల్ల కళ్లు తెరుచుకున్నాయి. మూడోదాని ముఖం నుదుటి నుంచి కిందికి తెల్లబడుతూ వచ్చింది. ఆమె కళ్లు తిప్పుకోలేదు. ఒకసారి చూడనివ్వలేదు. ఈసారి చూడాలి. ఆఖరున ఆ చిన్న పెదవి పోయింది.

పక్కన కావ్య గట్టిగా తుమ్మింది. “మమ్మీ, ఆకలి!”

మళ్లీ బస్సు. కావ్య ఊదింది. అద్దం మీద తెల్లగా ఆవిరి. పిల్లి బొమ్మ. ప్రసన్న కూతుర్ని ఒళ్లోకి లాక్కుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఒకరు దక్కినందుకో, ఒకరు పోయినందుకో ఆమెకే తెలియలేదు.

కాసేపటికి పిల్లి బొమ్మ కింద ఇంకో ఆవిరి మచ్చ కనబడింది. రూపాయి బిళ్లంత.

చున్నీతో తుడిచింది. పోలేదు.

మళ్లీ తుడిచింది... పోలేదు. అది అద్దానికి బయటి వైపు ఉంది.

బస్సు వేగంగా వెళుతోంది. వాన కొడుతోంది. ఆ మచ్చ మాత్రం కరిగి, మళ్లీ పట్టి, కరిగి, మళ్లీ పడుతోంది. లోపలికి రానిమ్మన్నట్టు.

“మమ్మీ, మన స్టాప్ లా. దిగుదాం.”

ప్రసన్న లేవలేదు. దిగితే వాడు ఈ వానలో ఒక్కడే ఉండిపోతాడు. అద్దానికి చెంప ఆనించింది. సరిగ్గా ఆ చెంపకి ఎదురుగా, బయట, ఆవిరి పట్టింది. దాని మధ్యలో లోపలికి మడిచిన చిన్న పెదవి అచ్చు.